పేదలను దాతలను చేసిన పీఠాధిపతి

ఏటేట జనవరి 2వ తేదీన ఇంగ్లండు దేశపు ఆంగ్లికన్ దేవాలయములలో ఒక దక్షిణ భారతీయుని నామము పుణ్యపురుషుల వరుసలో స్మరింపబడుచున్నది. ఆయన కార్యక్షేత్రము మన తెలుగుదేశము. ఆయన ప్రజలు మన ఊళ్ల వెలుపలి పేటలలోని నిరుపేదలు. బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య జీవితకథ ఇది.

భద్రాచలమునకు ఎగువ దుమ్ముగూడెము మొదలుకొని దిగువ ఏలూరు కాలువల వరకును, మానుకోట మెట్టసీమ మొదలుకొని నంద్యాల నల్లరేగడి వరకును వ్యాపించిన తెలుగు పల్లెలలో, ఊరికి దూరముగా విసరివేయబడిన పేటలలో, మట్టిగోడలు లేపి తాటాకు కప్పిన ప్రార్థనా మందిరములలో, ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మూడు దశాబ్దులకు మించి సంచరించిన ఒక మహనీయుని జనులు 'తండ్రిగారు' అని పిలుచుకొనెడివారు. ఆయన తెలుగువాడు కాడు. తమిళసీమ దక్షిణపు కొసను పుట్టినవాడు. కలిమిగలవాడు కాడు, పల్లెటూరి పాదిరి కుమారుడు. పట్టభద్రుడును కాడు, మదరాసు క్రిస్టియన్ కళాశాలలో గణితము చదివియు, కడపటి పరీక్షవేళ జబ్బుపడి, పట్టము పుచ్చుకొనకయే వెలికి వచ్చినవాడు. అట్టివాడు ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవినందిన మొట్టమొదటి భారతీయుడయ్యెను.

ఈ 'మొట్టమొదటి' అను విశేషణమే ఆయన కీర్తికి కారణమని తలచువారు పెక్కుమంది కలరు. అది సత్యమే గాని సగము సత్యము. పదవి ఎవరో ఒకరికి మొదట రావలసినదే. ఆ పదవితో ఆయన ఏమి చేసెననునది అసలు ప్రశ్న. తరతరములుగా పుచ్చుకొనుటకే చేయి చాచుట అలవాటుపడిన వేలకొలది జనులకు, అంతకుమించి మీ బ్రదుకునకు గతి లేదని లోకమంతయు చెప్పుచున్న జనులకు, ఇచ్చుటయనెడి గౌరవమును ఆయన నేర్పెను. ఆయన జీవితమును ఏ వైపునుండి చూచినను ఈ ఒక్క సూత్రమే కనబడును.

తొలినాటి బిషప్పులు

క్రైస్తవమతపు తొలి శతాబ్దుల చరిత్ర చదివినవారికి ఆనాటి బిషప్పు పీఠముపై కూర్చుండి శాసించినవాడు కాడని తెలియును. తెలియని దేశమునకు పోయి, రాని భాష నేర్చి, ఎరుగని జనులతో కలిసి బ్రదికినవాడే ఆనాటి బిషప్పు. క్రీ.శ. 635లో అయోనా ద్వీపపు మఠమునుండి ఉత్తర ఇంగ్లండునకు వచ్చిన ఐడన్ మహనీయుడు ఇందులకు మంచి నిదర్శనము. ఆయన పలుకు ఐరిష్. జనుల పలుకు వేరు. ప్రవాసమున ఉన్నకాలమున ఐరిష్ నేర్చుకొనిన ఓస్వాల్డ్ రాజు తానే ప్రక్కన నిలిచి, బిషప్పు బోధను తన ప్రజలకు తెలియజెప్పెనని బీడ్ అను చరిత్రకారుడు వ్రాసియుంచెను. అనంతరకాలమున మరియొక రాజు ప్రయాణములకై మేలుజాతి గుఱ్ఱమును బహూకరింపగా, త్రోవలో ఎదురైన బిచ్చగానికి దానిని జీను కళ్లెములతో కూడ ఇచ్చివేసి, తాను మరల కాలినడకనే సాగిపోయినవాడు ఐడన్.

అంతకంటెను ముఖ్యమైన విషయమొకటి బీడ్ చెప్పుచున్నాడు. ధనికులిచ్చిన సొమ్మును తనకై దాచుకొనక, దానితో ఐడన్ బానిసలను విడిపించెడివాడు. అట్లు విడుదల పొందినవారిలో పెక్కుమందికి విద్య గరపి, వారిని శిష్యులనుగా, తుదకు గురువులనుగా చేసెడివాడు. నిన్న ఇతరుల దయవలన సంకెల వీడినవాడు నేడు ఇతరులకు బోధించువాడగుట, ఐడన్ పవిత్రతకు అన్నిటికంటె గొప్ప సాక్ష్యము. దాదాపు పదమూడు శతాబ్దుల తరువాత, మరియొక ఖండమున, మరియొక విధమైన దాస్యమున మగ్గుచున్న జనుల నడుమ, అజరయ్య చేసినదియు ఇదియే. ఐడన్‌వలెనే ఆయనయు పరభాషా దేశమునకు వచ్చినవాడు. తమిళము తల్లిభాషయైనను తెలుగు నేర్చి, తెలుగులో బోధించి, తెలుగు మట్టిలోనే కలిసిపోయినవాడు.

గోదావరి నేల

మన సీమకు క్రైస్తవబోధ అజరయ్యతో రాలేదు. 1836లో ఇంగ్లండునుండి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు, ఏ సంఘపు జీతమును ఆశింపక, నరసాపురము పాలకొల్లు ప్రాంతమున నిలిచి గోదావరీ డెల్టా మిషనుకు పునాది వేసిరి. ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట కట్టించు దినములలో అక్కడ చేరిన కూలీల నడుమను ఆ బోధ సాగెను. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఆంగ్లికన్ గురువులు మచిలీపట్టణమున దిగిరి. 1854లో ఆ మిషను ఏలూరునకు వ్యాపించెను. ఎగువ గోదావరిలో నౌకాయాన పనులు చేయించుచుండిన హెయిగ్ అను ఇంజనీరు దొర చొరవవలన 1860 ప్రాంతమున దుమ్ముగూడెమున కోయల నడుమ మరియొక శాఖ మొలకెత్తెను. పురుషోత్తమ చౌదరి మొదలగు భక్తకవులు రచించిన కీర్తనలు ఈ సంఘముల కన్నిటికిని సాధారణమైన ఆస్తియై, తెలుగు రాగతాళములలో క్రైస్తవభక్తిని నిలిపినవి.

రాజమహేంద్రవరపు కథ వేరు. అక్కడ లూథరన్ మిషను నిలదొక్కుకొనెను. 1869లో నిర్వహణ భారము మోయలేక ఆ మిషనును ఆంగ్లికన్ సంఘమునకు అప్పగింపబోవుచుండగా, 1842లో గుంటూరున లూథరన్ మిషను స్థాపించిన హెయ్యర్ పాదిరిగారు ఆ వార్త విని, ఏడు పదులు దాటిన వయస్సున మరల సముద్రము దాటివచ్చి, దానిని నిలబెట్టెను. ఆయన నామము సైతము నేడు నవంబరు 7వ తేదీన లూథరన్ పంచాంగమున స్మరింపబడుచున్నది. ఆ వృద్ధుడు రాకుండినచో, రాజమహేంద్రవరము సైతము తరువాత అజరయ్య ఏలుబడిలోనికి వచ్చియుండెడిదేమో!

వీరందరును త్యాగధనులు. కాని వీరి త్యాగమునందే ఒక చిక్కు దాగియుండెను. బడి కట్టించువారు దొరలు. గుడి కట్టించువారు దొరలు. జీతమిచ్చువారును, తీర్పు చెప్పువారును దొరలే. ఇచ్చెడి చేయి ఎల్లప్పుడును పైననే యుండెను. పుచ్చుకొనెడి చేయి ఎల్లప్పుడును క్రిందనే యుండెను. ఇట్టి దానము ఎంత నిర్మలమైనదైనను, పుచ్చుకొనువానిని మనిషిగా పూర్తిగా నిలబెట్టజాలదు. ఈ సత్యమును గ్రహించి, గ్రహించినదానిని జీవితముగా మార్చుకొనినవాడు అజరయ్య.

జాఫ్నాలో కలిగిన మేల్కొలుపు

అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెళ్లాలన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి థామస్ వేదనాయగము ఆంగ్లికన్ గురువు. వారిది కల్లుగీత వృత్తిగా గల నాడార్ కులము; సవర్ణుల నిరసనకు పాత్రమైన కులము. లోకము ఒకనిని పుట్టుకచేత చిన్నచూపు చూచుట ఎట్లుండునో పుస్తకములు చదివి తెలిసికొనవలసిన అవసరము ఆయనకు లేకపోయెను.

చదువు ముగియగానే 1895లో వై.ఎం.సి.ఎ. సంస్థలో కార్యదర్శిగా చేరి, దక్షిణదేశమంతట తిరిగి, యువకులను కూడగట్టుచుండెను. అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు సహచరుడును, ప్రాణమిత్రుడును అయ్యెను. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడెను. దక్షిణదేశమున కళాశాల విద్య నభ్యసించిన తొలితరపు క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకతె.

1902లో పనిమీద జాఫ్నాకు పోయినపుడు ఆయన కన్నులు తెరిపించిన సంగతి జరిగెను. అచ్చటి తమిళ క్రైస్తవులు, పరాయిదేశపు సొమ్ముకై ఎదురుచూడక, తమ స్వార్జితముతో సముద్రమునకు ఇవతలి ఒడ్డుకు బోధకులను పంపుచుండిరి. తిరునెల్వేలిలోనో, సంఘము పెద్దది, పాతది, జనసంఖ్య గలది. అయినను ఇతరులకై అట్లు బోధకులను పంపినది కాదు. ఈ సిగ్గు ఆయనను నిలువనీయలేదు. మరుసటియేడు, 1903 ఫిబ్రవరి 12న, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ వెలసెను. మనుష్యులు భారతీయులు, ధనము భారతీయులది, యాజమాన్యము భారతీయులది కావలెననుట దాని నియమము. 1905 క్రిస్మస్ దినమున, విలియం కేరీ పనిచేసిన శ్రీరాంపురమున, అఖిల భారత స్థాయిలో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినపుడును ముందు నిలిచినవారిలో ఆయన యుండెను. వంగదేశమున స్వదేశీ ఉద్యమము రగులుచున్న సంవత్సరమది. ఆ గాలియే ఇంకొక రీతిగా ఇచ్చటను వీచెను.

తిరునెల్వేలి సంఘము తన కార్యక్షేత్రముగా ఎన్నుకొనినది నైజాము రాజ్యములోని తెలుగుసీమను. బెజవాడనుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున, సింగరేణి బొగ్గుగనులకు దారి చీలుచోట నున్న డోర్నకల్ ఆ క్షేత్రమునకు కేంద్రమయ్యెను. ఇతరులను అచ్చటికి పొండని ప్రబోధించుచు తాను పట్టణములలో నుండుట ఆయన మనస్సునకు సమ్మతము కాలేదు. 1909లో, ముప్పదియైదవ యేట, సుఖమైన ఉద్యోగమును వదలి, గురుపదవి స్వీకరించి, సకుటుంబముగా ఆ భాష తెలియని చోటికి వచ్చిచేరెను.

ఎడింబరోలో వినిపించిన మాట

మరుసటి సంవత్సరము జూన్ నెలలో, స్కాట్లండులోని ఎడింబరో నగరమున, ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వేయికి మించిన ప్రతినిధులలో ఆసియాఖండమువారు ఇరువదిమంది యైనను లేరు. ఆ కొద్దిమందిలో ఒకడైన అజరయ్య లేచి, విదేశీ గురువులకును స్వదేశీ సేవకులకును నడుమ గల సంబంధమును గూర్చి నిర్మొగమాటముగా మాటలాడెను. మీ వీరోచిత త్యాగములకు భారతీయ సంఘము తరతరములు కృతజ్ఞత చూపును. మీరు మీ వస్తువులను పేదలకిచ్చితిరి, మీ శరీరములను సైతము కాల్చుటకిచ్చితిరి. ఇప్పుడు మేమడుగునది ప్రేమను, మైత్రిని అను భావముతో ఆయన తన ప్రసంగమును ముగించెను.

సభలో కలకలము పుట్టెను. ఇంత ఉపకారము పొందినవాడు ఇట్లు మాటలాడుట కృతఘ్నత యని నొచ్చుకొనినవారు కలరు. ఇది సత్యమని తలవంచినవారును కలరు. ఆ పలుకుల వెనుక నున్న తర్కము మాత్రము సుస్పష్టము. దానమిచ్చుటకు ఇరువురు సమానులు కానక్కరలేదు; స్నేహమునకు మాత్రము సమానత్వము లేనిదే పునాది లేదు. ఒక జాతి మరియొక జాతికి సమస్తమును ఇచ్చియు, తన బల్లయొద్ద ఒక కుర్చీ ఇయ్యనిచో, ఇచ్చినదంతయు కొరగాక పోవునని ఆయన ఆ మహాసభయెదుట నిలిచి చెప్పెను. నేడు ఆ మహాసభను గూర్చి వ్రాయు చరిత్రకారులు తప్పక పేర్కొను ప్రసంగములలో ఇది యొకటి.

మదరాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ ఈ యువకునియందు ఎన్నడో నమ్మకముంచెను. తెలుగు పల్లెల జీవితము నెరిగినవాడు, దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి గ్రంథము వ్రాసినవాడు వైట్‌హెడ్. భారతీయుని బిషప్పుగా చేయవలెనని ఆయన పట్టుపట్టగా, దొరలైన గురువులు ఒక నల్లవాని అధికారమునకు లోబడుటా యని కొందరును, తమిళుడు తెలుగువారికి అధిపతి యగుటా యని కొందరును అభ్యంతరము చెప్పిరి. కడకు 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో, పదునొకండుమంది బిషప్పుల సమక్షమున, అజరయ్య శిరస్సుపై హస్తములుంచబడెను. మొదట ఆయనకు అప్పగింపబడినది డోర్నకల్ చుట్టుప్రక్కల చిన్న క్షేత్రమే. 1920 తరువాత కృష్ణా, గోదావరీ మండలములలోని ఆంగ్లికన్ సంఘములును, ఏలూరు, బెజవాడ, మచిలీపట్టణము, దుమ్ముగూడెము కేంద్రములును ఆ పీఠము క్రిందికి వచ్చెను. ఎవరు లోబడజాలరని ఒకనాడు వాదము చెలరేగెనో, ఆ విదేశీ గురువులే ఆయన నాయకత్వమున పనిచేసిరి.

పేటలలో పీఠాధిపతి

ఎద్దుబండిపై ఆయన పల్లెల పర్యటన సాగెడిది. బాప్తిస్మము పొందువారిలో అధికులు మాల మాదిగలు. పరుల పొలములలో పాలేరుతనమే బ్రదుకుగా గలవారు. ఆయనకు ఈ బ్రదుకు లోతుపాతులు తెలియును. పల్లెను పీడించు దయ్యములు నాలుగని, అవి మురికి, రోగము, అప్పు, త్రాగుడు అని ఆయన చెప్పెడివాడు. వానిని తరుముటకు బోధ యొక్కటియే చాలదని ఎరిగి, బడులు, వైద్యశాలలు, సహకార సంఘములు, చేతిపనుల శిక్షణ, ముద్రణాలయము, ఇట్లు ఒకదాని వెంట ఒకటి నెలకొల్పెను.

వీనిని ఎందరో మిషనరీలు చేసినారు. అజరయ్య చేసిన విశేషము మరియొకటి కలదు. క్రొత్తగా బాప్తిస్మమునకు సిద్ధపడినవారిని వరుసగా కూర్చుండబెట్టి, ఎవరి చేతిని వారి తలపై పెట్టుకొనుమని చెప్పెడివాడు. పొలమునుండి తిన్నగా వచ్చిన కూలీ, చంకన బిడ్డతో నున్న తల్లి, అక్షరము ముక్క రాని ముదుసలి, అందరును కాయలు కాచిన తమ చేతులను తమ తలలపై ఉంచుకొని, నేను బాప్తిస్మము పొందినవాడను అని చెప్పి, సువార్త ప్రకటింపకున్నచో నాకు శ్రమ అను అర్థము గల అపొస్తలుడైన పౌలుని మాటను ఆయన వెంట పలుకవలెను. ఈ దృశ్యమును నిదానించి చూచిన దాని శక్తి తెలియును. బిషప్పు పదవి పొందునాడు అజరయ్య తలపై పదునొకండుమంది చేతులుంచిరి. ఈ పాలేరు తలపై వాని చేతినే బిషప్పు ఉంచుచున్నాడు. నీవు పుచ్చుకొనుటకు వచ్చితివి, సంతోషము. కాని ఇచ్చువాడవై లేచి పొమ్మనుట దీని తాత్పర్యము. ఏ ఊరిలో తన నీడ సైతము పడరాదందురో, ఆ ఊరికి తానొక సందేశము మోసికొని పోవలసినవాడనను భావన ఆ మనిషి వెన్నెముకను నిటారుగా నిలిపెను.

ఇచ్చుట మాటలకే పరిమితము కాలేదు. డబ్బు కంటబడని ఇండ్లలో ఏమి కానుక పుట్టునని అడుగువారికి పేటలలోని ఆడువారే సమాధానము చెప్పిరి. పూట పూటకు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు, ఒక పిడికెడు తీసి ప్రత్యేకించిన కుండలో వేసి, ఆదివారమున గుడికి తెచ్చెడివారు. కోతపండుగనాడు ధాన్యపు మోపులు, గుమ్మడికాయలు, కోడిపెట్టలు, గ్రుడ్లు బలిపీఠము ముందు చేరెడివి. ఆరాధన ముగిసిన పిదప అవి వేలము వేయబడి, వచ్చిన సొమ్ము సంఘపు ఖర్చులకు చేరెడిది. జొన్న అంబలి త్రాగు ఇండ్లనుండి కానుక తీసికొనుట న్యాయమా యని కొందరు శంకించిరి. క్రైస్తవ దాతృత్వమును గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసిన అజరయ్యకు ఈ విషయమున సంశయము లేదు. పేదవాడు కాబట్టి వానివద్ద తీసికొనరాదనుట వానిపై కనికరమువలె కనబడును గాని, వానిని ఎల్లకాలమును బిచ్చగానిగానే ఉంచుట యగునని ఆయన నమ్మకము.

అటులే గురువులను సిద్ధపరచుటలోను. డోర్నకల్ పాఠశాలలో ఉపదేశులకును, గురువులకును శిక్షణ జరుగునపుడు వారి భార్యలును విద్యార్థినులై యుండెడివారు. ఆ స్త్రీవిద్యా భారమును అన్బు మరియమ్మాళ్ శ్రద్ధతో వహించెను. పల్లెలోని సంఘమునకు పురుషుడు ఒక కాలైన, ఆయన భార్య రెండవ కాలని ఆ దంపతులు గ్రహించిరి. పశువుల కాపరి పిల్లవాడు రాత్రిబడిలో లాంతరు వెలుగున ఓనమాలు దిద్దుకొని, బోర్డింగు చేరి, పంతులై, ఉపదేశియై, గురువై తిరిగి పల్లెకు వచ్చుట ఆ పీఠము క్రింద అసాధారణము కాకపోయెను. ఆంగ్లికన్ సంఘమున అంతగా దేశీయ గురువులు పెరిగిన పీఠము భారతదేశమున మరియొకటి అరుదు.

కులము గుడి వాకిట ఆగిపోలేదు. మాలలు మాదిగలతో కూర్చుండబోమనిరి. కొన్ని యెడల ఒకే పాత్రనుండి సంస్కారము పుచ్చుకొనబోమనిరి. ఈ విషయమున అజరయ్య పట్టు సడలింపలేదు. ఒకే బల్ల, ఒకే పాత్ర. అది ఇష్టము లేనివారికి వేరు బల్ల లేదు. 1930 ప్రాంతములకు, పేటలలో వచ్చిన మార్పును కన్నులార చూచిన ఊరిలోని శూద్ర కుటుంబములు సైతము బాప్తిస్మమునకు రాసాగినవి. ఎవరినుండి నీరైనను పుచ్చుకొనబోమనిరో, వారినుండి మతమును పుచ్చుకొనుటకు ఊరు దిగివచ్చెను.

మహాత్మునితో వాదము

ఈ ఉద్యమమే ఆయనను గాంధీమహాత్మునితో ఎదురుగా నిలబెట్టెను. ఇరువురును దేశభక్తులు, ఇరువురును అస్పృశ్యతను పాపమని నమ్మినవారు. భేదము ఒక్కచోటనే. మతముల తారతమ్యమును నిర్ణయించుకొను శక్తి హరిజనులకు లేదనియు, అట్టివారిని మూకుమ్మడిగా మతము మార్చుట తగదనియు మహాత్ముని వాదము. పేదవాడైనను, చదువురానివాడైనను, మనిషికి ఆత్మ కలదు, వివేకము కలదు, తన భక్తిని తానెన్నుకొను హక్కు కలదని బిషప్పు వాదము.

ఈ వివాదమున న్యాయమెటుననునది పాఠకులు తమ తమ విశ్వాసములనుబట్టి నిర్ణయించుకొందురు గాక. అజరయ్యకు స్వమత జనసంఖ్య పెంచుకొను రాజకీయ దృష్టి లేదనుటకు మాత్రము ప్రబల నిదర్శనము కలదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వము మతములవారీగా ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించినపుడు, క్రైస్తవులకు లభించిన ఆ వాటాను ఆయన బాహాటముగా వ్యతిరేకించెను. సంఘము ఒక రాజకీయ వర్గముగా మారి ఓట్లకై, ఉద్యోగములకై చేయి చాచుట దాని స్వభావమునకే దెబ్బ యని ఆయన తలచెను. ఇచ్చటను అదే సూత్రము. తన ప్రజలు ఈ దేశమునకు ఇచ్చువారై యుండవలెను గాని, దేశమునుండి వాటా గుంజుకొనువారు కారాదు.

రాతిలో నిలిచిన భావన

డోర్నకల్‌లో నేటికిని నిలిచియున్న ఎపిఫనీ కథీడ్రలును చూచినవారికి ఆయన మనస్సు కన్నులకు కట్టును. ఆంగ్లదేశపు గోతిక్ గోపురమునకు నకలు కట్టుటకు ఆయన ఒప్పుకొనలేదు. నైజాము సీమ మసీదుల గుమ్మటములను, మినారులవంటి బురుజులను, దక్షిణదేశ దేవాలయ మండపముల శిలాస్తంభములను, పద్మములను ఒక్కచోట చేర్చి, వాని నడుమ సిలువను నిలిపిన కట్టడమది. నిధులు చేకూరినకొలది సంవత్సరముల తరబడి పని సాగి, 1939 జనవరి 6న, ముగ్గురు తూర్పుదేశపు జ్ఞానులు శిశువైన యేసునకు కానుకలు తెచ్చిన పండుగనాడు, అది ప్రతిష్ఠింపబడెను. ఆ పండుగ పేరే ఆ గుడికి పెట్టుట యుక్తము. తూర్పుదేశము రిక్తహస్తములతో రాలేదనుటయే గదా ఆ కథ!

ఆరాధనలోను ఇదే వైఖరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, భజనలు, కాలక్షేపములు, జాతరలవంటి మేళాలు ఆయన ప్రోత్సాహమున వర్ధిల్లినవి. తెలుగువాడు క్రైస్తవుడైనంత మాత్రమున తాళము, చిడుతలు, డప్పు వదలవలెనా? అవి అతడు ప్రపంచ సంఘమునకు తేదగిన కానుకలు కావా? అని ఆయన ఆలోచన.

తాను చూడని ఫలము

1919 మే నెలలో తరంగంబాడిలో కూడిన గురువుల సమావేశమున, దక్షిణభారత ప్రొటెస్టెంటు సంఘములన్నియు ఒక్కటి కావలెనను ప్రకటన వెలువడెను. పాల్గొనినవారిలో ఇరువురు తప్ప అందరును భారతీయులే. అందు ముఖ్యుడు అజరయ్య. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ అను భేదములు ఎన్నడో యూరపు ఖండమున పుట్టిన కలహముల శేషములు. గోదావరి గట్టున నాగలి పట్టు క్రైస్తవునకు వానితో నిమిత్తమేమి? కులముచేత ముక్కలైన దేశమునకు ముక్కలైన సంఘము ఏమని బోధింపగలదు? 1927లో లొసాన్ నగరమున జరిగిన ప్రపంచ సభలోను ఆయన ఈ వాదమునే వినిపించెను.

ఇరువదియైదేండ్లకు మించి చర్చలు సాగెను. బిషప్పు పదవి ఉండవలెనా, ఉన్న ఎట్లుండవలెనను ప్రశ్నయొద్ద పలుమారు పని నిలిచిపోయెను. 1945 జనవరి 1వ తేదీన, పర్యటనల అలసట తీరకమునుపే జ్వరపీడితుడై, అజరయ్య డోర్నకల్‌లో కన్నుమూసెను. తాను కట్టించిన కథీడ్రలు ఆవరణముననే ఆయన విశ్రమించుచున్నాడు. 1947 సెప్టెంబరు 27న, దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, మదరాసు సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. సంస్కరణోద్యమము తరువాత బిషప్పులు గల సంఘమును, లేని సంఘములును ఒక్కటియైన తొలి ఘట్టమని లోకము దానిని కొనియాడెను. పడమటి దేశములనుండి నాలుగు వందల యేండ్ల చీలికలను పుచ్చుకొనిన భారతదేశము, తిరిగి ఆ దేశములకు ఐక్యతను కానుకగా ఇచ్చెను. తరువాతి కాలమున డోర్నకల్ పీఠమునుండి విడివడి కృష్ణా గోదావరి డయోసిస్ ఏర్పడెను. 1964లో రాజమహేంద్రవరపు లూథర్‌గిరిలో వివిధ సంఘములు కూడి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను ప్రారంభించినపుడు, హెయ్యర్ నిలిపిన పాయయు అజరయ్య పెంచిన పాయయు ఒక్కచోట కలిసినవి.

ఆంగ్లికన్ సంఘమున, రోమను కతోలిక సంఘమునందువలె, ఒకనిని పునీతుడని విచారణ జరిపి ప్రకటించు విధానము లేదు. జీవితమును స్మరింపదగినదని సంఘము తలచినచో వారి నామమును పంచాంగమున చేర్చును. జనవరి 1వ తేదీ యేసు నామకరణ పండుగ కావున, అజరయ్యకు మరునాడు కేటాయింపబడినది. పాట్రిక్, ఐడన్, బోనిఫేస్ మొదలగు పూర్వ బిషప్పుల నామములున్న పుటలలోనే మన తెలుగు పల్లెల తండ్రిగారి నామమును ఉన్నది.

కాంటర్‌బరీలో స్మరింపబడు ఈయనను ఏలూరులో, తాడేపల్లిగూడెములో, రాజమహేంద్రవరములో స్మరించువారు ఎందరున్నారు? వీరేశలింగము పంతులు, కాటన్ దొర మన సీమ చరిత్రలో ఎట్లు భాగమో, ఊరి వెలుపలి పేటలను నిలబెట్టిన ఈ మనుష్యుడును అట్లే భాగము. ఆయన మతమును అంగీకరింపనివారికిని ఆయన పద్ధతిలో నేర్చుకొనదగినది కలదు. నేడు పేదల పేరిట ఇచ్చువారు పెక్కురు. ప్రభుత్వములు ఇచ్చుచున్నవి, ధర్మసంస్థలు ఇచ్చుచున్నవి, విదేశీ నిధులపై నడచు సంఘములును ఇచ్చుచున్నవి. ఎంత ఇచ్చితిమను లెక్క అందరివద్దను ఉన్నది. ఆ ఇచ్చిన దానివలన ఎందరు తిరిగి ఇతరులకు ఇయ్యగలవారైరను లెక్క వ్రాయువారు కరవు. అజరయ్య తన జీవితమంతయు వ్రాసికొనిన లెక్క అదియే. మన సేవాసంస్థలు, సంఘములు ఇకనైనను ఆ లెక్క ప్రారంభింపవలెను.